అన్ని విద్యలూ వచ్చిన వీరుడు

ఆ శనివారం పొద్దున వెర్లిన్ టాలెఫ్‌సన్ వేసుకున్న పథకం చాలా మామూలుది. వాకిట్లో కారు దారికి అడ్డంగా పడిన మంచును పారతో ఎత్తిపోయాలి, రెండు గుడ్లు వేయించుకు తినాలి, భోజనాల వేళకల్లా ఒక కొత్త వీరుణ్ణి తయారుచేసుకుని మధ్యాహ్నం అక్క మార్లిస్ ఇంటికి ఆటకు వెళ్ళాలి. మంచు ఎత్తిపోయడం వరకూ అంతా అనుకున్నట్టే జరిగింది.

కొత్త వీరుడు ఎందుకంటే, పాతవాడు కిందటి శనివారం చచ్చిపోయాడు. ఆ ఆటలో కోటలూ అడవులూ అన్నీ మాటల్లోనే ఉంటాయి. మార్లిస్ కథ నడుపుతుంది. మిగతా ముగ్గురూ తలా ఒక పాత్రను పెంచుకుంటూ, పాచికలు వేస్తూ ఆ కథలో బతుకుతారు. వెర్లిన్‌ది కత్తివీరుడు, స్నేహితులు గార్త్‌ది దొంగ, నడీన్‌ది గాయాలు మాన్పే పూజారిణి. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్ళో వాళ్ళ చలికాలాలన్నీ మార్లిస్ ఇంటి నేలమాళిగలో అలాగే గడిచిపోయాయి. భార్య విడాకులు తీసుకుని మినియాపొలిస్ వెళ్ళిపోయాక, వెర్లిన్ ఆఫీసు పని కాని మాటలు మనుషులతో మాట్లాడేది ఆ బల్ల దగ్గరే.

అలాంటి బల్ల దగ్గర, ఏళ్ళ తరబడి పెంచిన కత్తివీరుడు రాక్షసబల్లి కాటుకు పడిపోయి మంత్రం వెయ్యమని అడిగితే, నడీన్ తాపీగా చెప్పింది, మిగిలిన ఒక్క మంత్రమూ ఇందాక గార్త్ దొంగకు మడమ బెణికితే వాడేశానని.  బీమా కంపెనీ తరఫున గాలివానకు కూలిన పశువుల కొట్టాలు చూసి రావడం వెర్లిన్ ఉద్యోగం. ఎన్నో ఘోరాలు చూశాడు. మడమ బెణుకు కోసం మనిషిని చావనివ్వడం మాత్రం అదే మొదటిసారి చూడడం.

అందుకని ఈసారి వీరుడు ఎవరి మీదా ఆధారపడకూడదని నిశ్చయించుకున్నాడు. కత్తి ఎలాగూ ఉంటుంది. దానికి తోడు కాస్త పూజారి విద్య కలిపితే గాయం తనే మాన్పుకుంటాడు. ఒకే పాత్రకు రెండు మూడు విద్యలు కలపడానికి ఆటలో వీలుంది కూడా. పూజారి విద్య ఎంత కలిపితే చాలో తెలియక నడీన్‌కే ఫోన్ చేశాడు. ఆవిడ చర్చి వంటగదిలో ఆదివారం భోజనాలకు మాంసం ఉండలు చుడుతోంది. కోపం బయటపడకుండా, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను అన్నాడు. ఊరికే అడిగే మనిషి గొంతు అలా ఉండదని నడీన్‌కు వెంటనే తెలిసిపోయింది.

పూజారి అయ్యాక వెర్లిన్‌కు తాళాల సంగతి గుర్తొచ్చింది. గార్త్ ఏ తలుపు దగ్గరో అలిగి కూర్చుంటే? కాస్త దొంగ విద్య కూడా ఉండాలి. గార్త్ అప్పుడు కౌంటీ వాళ్ళ మంచు తోసే బండిలో ఉన్నాడు. తాళం తీయడం ఎంతలో పట్టుబడుతుందని అడిగి, జవాబు వినగానే వెర్లిన్ ఫోన్ పెట్టేశాడు. ఆ పెట్టేయడం గార్త్‌కు నచ్చలేదు. బండి పక్కకి ఆపి నడీన్‌కు ఫోన్ చేశాడు.

"నిన్నూ అడిగాడా?" అంది నడీన్.

"తాళాలు తీయడం గురించి. నిన్నేం అడిగాడు?"

"గాయాలు మాన్పడం. నీ పనీ వాడే చేసుకుని, నా పనీ వాడే చేసుకుంటే ఇంక మనమెందుకు గార్త్?"

గార్త్‌కు కిందటి వారం గుర్తొచ్చింది. తను ఆలస్యంగా వెళితే మార్లిస్ అక్క అదోలా చూసిందని చెప్పాడు. ఆ చూపు వెనక ఇంత ఉందా అనుకున్నారిద్దరూ. అక్కాతమ్ముళ్ళు కూడబలుక్కుని తమను పంపించేయబోతున్నారని తేల్చేశారు. ధైర్యంగా ఉందామని ఒకరికొకరు చెప్పుకుని ఫోన్లు పెట్టేశారు. పెట్టేశాక మాత్రం ఎవరి భయం వాళ్ళది. రేపు నడీన్‌ను తీసేస్తే తన గాయాలు ఎవరు మానుస్తారని గార్త్ ఆలోచించాడు. గార్త్ మానేస్తే తలుపులు ఎవరు తెరుస్తారని మాంసం ఉండల మధ్య నడీన్ ఆలోచించింది. పనులయ్యాక ఇద్దరూ చెరో కొత్త కాగితం తీశారు.

ఇక్కడ వెర్లిన్ వీరుడు చెయ్యి దాటిపోతున్నాడు. ఇన్ని విద్యలు నేర్చేసరికి దేనిలోనూ బలం మిగల్లేదు. బలం కావాలంటే దగ్గరి దారి ఒకటే, భూతంతో ఒప్పందం. ఆ భూతానికి రోజుకొక దొంగతనం చేసిపెట్టాలి. పూజారికేమో దేవత ఉండాలి. గాయాలు బాగా మాన్పేది సత్యదేవత ఒక్కతే. ఆవిడ భక్తుడు అబద్ధం ఆడకూడదు, దొంగ కనబడితే శిక్షించకుండా వదలకూడదు. ఒకే ఒంట్లో ఇవన్నీ పొసగుతాయా అని అక్కను అడిగాడు. మార్లిస్ దుకాణంలో చీజ్ కొంటోంది.

"కూడదని పుస్తకంలో ఎక్కడా లేదు. పడాల్సింది వాడు, నాకేం?" అంది.

మధ్యాహ్నం నేలమాళిగలో ముగ్గురూ మంచు బూట్లు విప్పి, ఎవరి కాగితం వాళ్ళు మోచేత్తో కప్పుకుని కూర్చున్నారు. మాంసం, బంగాళాదుంపలు కలిపి ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ పొగలు కక్కుతున్నా ఎవరూ గరిటె ముట్టలేదు.  మార్లిస్ కొత్త పాత్రల గురించి చెప్పమంది. వెర్లిన్ గొంతు సవరించుకుని, తన వీరుడు కొంత కత్తివీరుడు, కొంత దొంగ, కొంత సత్యదేవత పూజారి, పైగా భూతానికి బంటు అని చెప్పాడు.

గార్త్ మొహం పాలిపోయింది. తన కాగితం మెల్లగా బల్ల మధ్యకు తోశాడు. అందులోనూ అదే కత్తి, అదే దొంగతనం, అదే దేవత, అదే భూతం. నడీన్ కాగితం చూడక్కర్లేకుండానే అందరికీ అర్థమైపోయింది. అయినా చూశారు. ఆవిడ భూతానికి ముద్దుపేరు కూడా పెట్టుకుంది.

మార్లిస్ ఒక్కొక్కరినే తేరిపార చూసింది. ఆ చలికాలమంతా కూర్చుని ఆవిడ అల్లిన కథ ఒక వంతెన అవతలి తలుపు వెనక ఉంది. తలుపు దగ్గర కాపలాకు ఒక్క ముసలి మరుగుజ్జు. ఏం చేస్తారో చెయ్యండి అంది.

తాళం ముగ్గురూ ప్రయత్నించారు. ముగ్గురికీ అరకొర విద్యే కనుక తాళం కదల్లేదు. ఇంతలో భూతానికి ఇవ్వాల్సిన దొంగతనం గుర్తొచ్చింది. మరుగుజ్జు దగ్గర చిల్లిగవ్వ లేదు. గత్యంతరం లేక వెర్లిన్ వీరుడు గార్త్ వీరుడి సంచి కొట్టేశాడు, గార్త్ నడీన్ ఉంగరం కాజేశాడు, నడీన్ వెర్లిన్ బూట్లు లాగేసింది. నా సంచి ఏదని గార్త్ అడిగితే వెర్లిన్‌కు అబద్ధం ఆడే వీల్లేదు. ఒప్పుకున్నాడు. గార్త్ కూడా, నడీన్ కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. దొంగలు కనబడ్డారు కనుక ముగ్గురు భక్తులూ కత్తులు దూశారు. హాట్‌డిష్ చల్లారకముందే ముగ్గురూ వంతెన మీద చచ్చిపడి ఉన్నారు. మరుగుజ్జు చేసిందల్లా కాస్త పక్కకి జరగడమే.



"ఇంక చాలా, వెర్లిన్?" అంది నడీన్. పాచికలు పక్కకి తోసేసింది. "మేం అక్కర్లేదని మొహం మీదే చెప్పొచ్చుగా. పొద్దున్నుంచీ ఏడుస్తూ వండాను."

వెర్లిన్ నిర్ఘాంతపోయాడు. "అక్కర్లేదని ఎవరన్నారు?"

"అనడమెందుకురా," అన్నాడు గార్త్. "నీ వీరుడే చెబుతున్నాడుగా."

అప్పుడు వెర్లిన్‌కు పొద్దున చేసిన ఫోన్లన్నీ అవతలివాళ్ళ చెవులతో వినిపించాయి. తనకంటూ ఉన్న మనుషులే వీళ్ళు, వీళ్ళనే పోగొట్టుకోబోయాడు. తల దించుకుని, మళ్ళీ అలా పడిపోయి ఎవర్నో పిలవాల్సి వస్తుందని భయమేసింది, అంతే అన్నాడు. పిలిచినా ఎవరూ రాకపోతే ఎలా ఉంటుందో తనకు బల్లి కాటు కంటే ముందే తెలుసునన్నాడు. మడమ బెణుకు సంగతి నిజంగా మర్చిపోయి చేశానని నడీన్ ముక్కు తుడుచుకుంటూ చెప్పింది. గార్త్ గరిటె తీసుకుని అందరికీ వడ్డించాడు. ముందుగా వెర్లిన్‌కే వేశాడు.

 తిన్నాక మార్లిస్ లేచి, తన కథ కాగితాలు చుట్టి తమ్ముడి చేతిలో పెట్టింది.

"అందరి పనులూ నువ్వే చేయాలనుందిగా, ఇలా నా కుర్చీలో కూర్చో. రాజువి నువ్వే, మరుగుజ్జువి నువ్వే, తలుపూ తాళమూ వానా కూడా నువ్వే. ఇన్నేళ్ళుగా నాకు గద పట్టిన వీరుణ్ణి ఒక్కణ్ణి ఆడాలని ఉందిరా. మీరెవరూ అడగలేదు."

నడీన్, గార్త్ చప్పట్లు కొట్టారు. వెర్లిన్ అక్క కుర్చీలో కూర్చున్నాడు. మొదట రాజులా మాట్లాడాడు, తర్వాత మరుగుజ్జులా దగ్గాడు, ఆ తర్వాత వాన కురిపించాడు. ఇంత పెద్ద లోకం తన ఒక్కడి నోట్లోంచి వస్తుంటే అతనికి ఒళ్ళు పులకరించింది. తలుపు తెరుచుకుంది. అక్క ఆడే గద పట్టిన వీరుడూ, నడీన్ కొత్త పూజారిణీ, గార్త్ కొత్త దొంగా నవ్వుకుంటూ లోపలికి వెళ్ళారు. వాళ్ళ వెనకే తనూ ఒక కొత్త వీరుణ్ణి పంపిద్దామని వెర్లిన్ పాచికలు అందుకోబోతే, కథ నడిపేవాడు ఆడకూడదని మార్లిస్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

అన్ని విద్యలూ అతనివే అయ్యాయి గానీ, ఆ బల్ల దగ్గర సొంత వీరుడంటూ లేనివాడు వెర్లిన్ ఒక్కడే.