అన్నగారి కుక్కకు ట్రావెల్ క్యాబిన్

రాష్ట్ర నాయకులు, కార్మిక బంధువు వేణుమాధవ్ గారు ఇకమీదట తమ పర్యటనలన్నింటికీ తమ కుక్కపిల్లను వెంట తీసుకెళ్లాలని నిర్ణయించినట్టు ఉదయమే యూనియన్ వాట్సాప్ గ్రూపులో ప్రకటన వెలువడింది. మూగజీవాల పట్ల వారి ప్రేమను కొనియాడుతూ మధ్యాహ్నానికల్లా గోదావరిఖని చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. అందులో కుక్కపిల్ల ఫొటో కార్యకర్త మొగిలి ఫొటో కంటే కాస్త పెద్దది. మొగిలి నొచ్చుకోలేదు. దానికి జాతి పత్రం ఉంది, తనకు లేదు.

మొగిలి పేరుకు బాయిలో టింబర్‌మన్. అంటే బొగ్గు గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. కొన్నేళ్లుగా అతను నిలబెడుతున్నది మాత్రం యూనియన్ జెండా కర్రలు. వేణుమాధవ్ అన్నగారు వచ్చినప్పుడల్లా ఆయన కారు వెనక మోటారు సైకిల్ మీద దుమ్ము మింగుతూ వెళ్లడమే అతని రాజకీయ జీవితం. ఒక్కసారి ఆ కారులోంచి దిగాలని, షిఫ్టు మొత్తం చూస్తుండగా దిగాలని అతని కోరిక. ముఖ్యంగా బావమరిది శివ చూడాలి. జెండాలు మోసీ మోసీ నీకేమొచ్చింది బావా అని ప్రతి పండక్కీ అడిగేవాడు వాడే.

యూనియన్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. అన్నగారే స్వయంగా ఫోన్ చేశారు.

"మొగిలీ, కుక్కను బండిల పెట్టే బోను సంగతి నువ్వే చూడు. సెంటినరీ కాలనీ గేట్ మీటింగుకు నా బండిలనే వద్దువు."

మొగిలికి ఆ పూట అన్నం దిగలేదు, సంతోషంతో. కాసేపటికి పీఏ ఫోన్ చేసి, అన్నగారి మీద కోర్టులో కేసు నడుస్తున్నందున బోను అనే మాట ఎవరూ వాడకూడదని, ట్రావెల్ క్యాబిన్ అనాలని చెప్పాడు. మొగిలి వెంటనే నాలుక సరిచేసుకున్నాడు.

కరీంనగర్‌లో కుక్కల సామాన్ల దుకాణం నడిపే లిల్లీ ఓపికగా అన్నీ చెప్పింది. పెద్ద జాతి కుక్క, ఏడాదికల్లా దూడంత అవుతుంది. లోపల లేచి నిలబడాలి, చుట్టూ తిరగాలి, కాళ్లు చాపుకుని పడుకోవాలి. ఇప్పటి కొలతకు కొంటే నాలుగు రోజులకే ఇరుకవుతుంది. పెద్దది కొని మధ్యలో జాలీ అడ్డం పెట్టాలి, కుక్క పెరిగేకొద్దీ దాన్ని వెనక్కి జరపాలి. మొదలే జాగా అంతా ఇచ్చేస్తే ఒక మూల పడుకుని ఇంకో మూల పాడు చేస్తుంది. ఈ అలవాటు కుక్కలకే ఉందని ఆమె అనుకుంటున్నట్టుంది. మొగిలి తమ యూనియన్ ఆఫీసును తలచుకున్నాడు.

బండి ఎంత ఉంటుందో చెబితే దాన్నిబట్టి చూపిస్తానంది లిల్లీ. మొగిలికి నవ్వొచ్చింది. కంపెనీలో క్వార్టర్ ఇచ్చేది ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టి కాదు, హోదాను చూసి. రాష్ట్ర స్థాయి కుక్కకు మధ్య సైజు ఎలా ఇస్తారు? పైగా నాయకుడి కుక్క ఎంతవరకు ఎదుగుతుందో హద్దు గీయడం క్రమశిక్షణ ఉన్న కార్యకర్త చేసే పని కాదు. దుకాణంలో అన్నిటికంటే పెద్దది, జాలీతో సహా తెచ్చాడు.

ఇంటి ముందు దాన్ని దింపుతుంటే భార్య జమున బండి కొలుచుకున్నావా అని అడిగింది. అన్న బండి కొలిచేది కాదు పొమ్మన్నాడు. ఆనక శివకు ఫోన్ చేసి, మీటింగులో ముందు వరసలో నిలబడమని మరీ మరీ చెప్పాడు.

ఆ రోజు రామగుండం గెస్ట్ హౌస్ దగ్గర డ్రైవర్ ఎడ్వర్డ్ వెనక సీట్లన్నీ మడిచాడు. క్యాబిన్ పట్టింది. ముందు అన్నగారు, మధ్యలో ఉన్న రెండు సీట్లలో పీఏ, గన్‌మన్. ఎడ్వర్డ్ అటూ ఇటూ చూసి తల గోక్కున్నాడు.

"కాకా, ఇగ నీకు సీటు లేదు. మోటార్ సైకిల్ మీద రా."

మొగిలికి బావమరిది గుర్తొచ్చాడు. శివ ఈపాటికి ముందు వరసలో నిలబడి ఉంటాడు. తన సీటును తానే కుక్కకు కొనిపెట్టిన కార్యకర్త కోల్‌బెల్టులో తనొక్కడే అయ్యుంటాడని కూడా అనిపించింది.

అంతలో అన్నగారు వచ్చి, వెనక్కి వంగి చూసి, ఎంతో జటిలమైన సమస్యను క్షణంలో తేల్చేశారు.

"సగం ఖాళీగనే ఉన్నది గద మొగిలీ."

నాయకుడంటే ఇలా ఉండాలని పీఏ అన్నాడు. మొగిలి ఎక్కువ ఆలోచించలేదు. కప్పు తలకు తగలకుండా బాయిలో వంగి వంగి పనిచేసిన మనిషికి వంగడం ఒకరు నేర్పాలా? వెళ్లి క్యాబిన్‌లో ఖాళీ సగంలో కూర్చున్నాడు. జాలీకి అవతల కుక్కపిల్ల మెత్తటి పరుపు మీద ఆవులించింది. మధ్య సైజు కొని ఉంటే తనకు ఈ చోటు కూడా దక్కేది కాదు గదా అని దారి పొడవునా తన ముందుచూపును తానే మెచ్చుకున్నాడు.

బాయి గేటు దగ్గర ఎడ్వర్డ్ వెనక డోరు ఎత్తాడు. ముందు కుక్కను దింపారు. షిఫ్టు దిగినవాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత మొగిలి మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చాడు. చప్పట్లు ఆగిపోయాయి. ముందు వరసలోంచి శివ వచ్చాడు. వాడు నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు, చెయ్యి అందించాడు.

"కాళ్లు పట్టేసినయా బావా?"

 అప్పుడే మైకులో అన్నగారు, తన బండిలో కార్యకర్తకు ఎప్పుడూ జాగా ఉంటుందని ప్రకటించారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మొగిలే. అలవాటు.

తర్వాతి పర్యటన నస్పూర్‌కు. ఎడ్వర్డ్ జాలీని ఒక జానెడు మొగిలి వైపు జరిపాడు. కుక్క మంచిగా ఎదుగుతోందని అన్నగారు సంతోషించారు. మొగిలి కూడా సంతోషించాడు, గడ్డం మోకాళ్లకు ఆనించుకుని.

ఇంటికొచ్చాక జమున జొన్నరొట్టెలు పెట్టింది. రెండోది వేయబోతే పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏంది, పానం బాగలేదా?" అంది జమున.

"పానం మంచిగనే ఉన్నది. ఎలక్షన్లదాకనన్న ఆ క్యాబిన్ల పట్టాలె గదనే."