వాయవ్యానికి ఎక్కని నీళ్లు

విజయవాడ పటమటలో వెంకటప్పయ్యగారి నూతన గృహం సంపూర్ణ వాస్తు శోభతో అలరారుతున్నదనీ, మరుగుదొడ్డి తప్ప అందులో సమస్తమూ సవ్యంగా పనిచేస్తున్నదనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

ఇది తొంభై ఎనిమిదో సంవత్సరం నాటి మాట. అప్పట్లో బెజవాడలో ఇల్లు కట్టదలచినవారు మేస్త్రీ కంటే ముందు సిద్ధాంతిని పిలిచేవారు. సిద్ధాంతిగారు దిక్సూచితో విచ్చేసి ఆదేశాలు జారీ చేశారు. స్థలమైనా, గచ్చయినా, భూమిలో పోయే గొట్టమైనా ఈశాన్యానికే వాలాలి. సెప్టిక్ ట్యాంకు మాత్రం పొరపాటున కూడా ఈశాన్యంలో ఉండరాదు, వాయవ్యంలోనే ఉండాలి. ఉత్తరం మధ్యలో ఉన్న మరుగుదొడ్డి నుంచి నీళ్లు ఎత్తున ఉన్న వాయవ్యానికి ఎలా ఎక్కుతాయన్న ప్రశ్న శాస్త్రంలో లేదు గనక ఎవరూ అడగలేదు.

అడగవలసినవారు వెంకటప్పయ్యగారే. ఆయన కాలువల ఇంజనీరుగా రిటైరయ్యారు. ఉయ్యూరు నుంచి చల్లపల్లి దాకా ఏ చేనుకు ఎంత వాలు కావాలో కళ్లు మూసుకుని చెప్పగల దిట్ట. అంతటి మేధావి గనకనే సొంత ఇంటి విషయంలో మేధస్సును పక్కన పెట్టి వినయం పాటించారు.

ఆయన భార్య రాజ్యలక్ష్మిగారికి మోకాళ్లకు ఆపరేషన్ అయింది. కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పడంతో ఆవిడ కోసమే కమోడ్ పెట్టించారు. ఆవిడ కోసమే పెట్టించినందువల్ల అందులో పోయడానికి బకెట్లతో నీళ్లు మోసే భాగ్యమూ ఆవిడకే దక్కింది.

"ఉద్యోగమంతా కాలువలు తవ్వించారు కదండీ! నీరు పల్లమెరుగు అన్న సంగతి మీ ఆఫీసులో ఎవరూ చెప్పలేదా?" అని ఆవిడ అడిగారు.

"కాలువ శివారు అన్నాక నీళ్లు ఆలస్యంగానే అందుతాయి, రాజ్యం. కాస్త ఓపిక పట్టాలి," అని ఆయన సెలవిచ్చారు.

ప్లంబరు ఆమోసు వచ్చి ఫ్లష్ ట్యాంకు చిన్నదన్నాడు. పెద్దది పెట్టాక, కిందుగా ఉందన్నాడు. చివరికి దాన్ని శ్లాబుకు ఆనించి బిగించాడు. గొలుసు లాగితే బ్యారేజీ గేట్లు ఎత్తినంత చప్పుడు. లోపలున్నదంతా గిర్రున తిరిగి, అంచుదాకా పైకి లేచి, గృహస్థు ముఖం ఒకసారి చూసి, మళ్లీ యథాస్థానానికి చేరుకునేది.

తూర్పు పక్కింటి బడే మియాగారిది ఆటోనగర్‌లో లారీ స్ప్రింగుల వ్యాపారం. పాపం, ఆయనకు శాస్త్రజ్ఞానం లేదు. ఈశాన్యం పల్లంగా ఉందని ట్యాంకు అక్కడే తవ్వించేశారు. ఆ ఇంట్లో మీట నొక్కితే క్షణంలో అంతా మాయం. బడే మియా భార్య సల్మా, "రండి అక్కయ్యగారూ, మీ ఇల్లే అనుకోండి, మొహమాటమెందుకు?" అని పిలిచేది. రాజ్యలక్ష్మిగారు పొద్దున్నే తోడు పెరుగు కోసమని గిన్నె పట్టుకుని వెళ్లి, చాలాసేపటికి, తేలికపడ్డ ముఖంతో వచ్చేవారు.

ఒకనాడు ఆవిడ బకెట్టుతో సహా జారిపడ్డారు. ఆపరేషన్ చేసిన మోకాలే మళ్లీ బూరెలా పొంగింది. వెంకటప్పయ్యగారికి నిజంగానే కళ్లు చెమర్చాయి. "ఇంక ఊరుకోను, రాజ్యం! ఎంతకైనా తెగిస్తాను!" అని చెప్పులు వేసుకుని బయల్దేరారు. ఆవిడ మేస్త్రీ కోసం అనుకున్నారు. ఆయన సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చారు.

సిద్ధాంతిగారు నేతి పెసరట్టు సేవించి, నీళ్లతో నోరు పుక్కిలించి, తీర్పు చెప్పారు. "అయ్యా, దోషం తమ గృహంలో లేదు. ఆ మియాగారి ఈశాన్యపు గొయ్యి తమ ప్రవాహాన్నంతా ఆకర్షిస్తోంది. అయినా తూర్పు స్థలం కొన్నవాడు చెడిపోయినట్టు చరిత్రలో ఉందా? కొనెయ్యండి!"

కొనేశారు. మంచి ధర వచ్చిందని బడే మియా కుటుంబం భవానీపురం తరలిపోయింది. వెళ్తూ సల్మా ఏడ్చింది. రాజ్యలక్ష్మిగారు ఇంకా ఎక్కువ ఏడ్చారు గానీ, సరిగ్గా పనిచేసే మరుగుదొడ్డి ఇక తనదేనని లోలోపల చిన్న ఆశ.

శాస్త్రం ఆశలకు లొంగదు. పాలు పొంగించక ముందే కొత్త ఇంటి ఈశాన్యపు ట్యాంకును రాళ్లూ మట్టీ పోసి పూడ్పించి, వాయవ్యంలో దివ్యంగా మరొకటి కట్టించారు. రాజ్యలక్ష్మిగారు ఇప్పుడు రెండిళ్ల యజమానురాలు. ఏ ఇంట్లో బకెట్టు మోయాలన్నది పూర్తిగా ఆవిడ ఇష్టమేనని వెంకటప్పయ్యగారు ఉదారంగా ప్రకటించారు.

మీరు నవ్వుతున్నారు. సంతోషం. కానీ మీ ఇంట్లో నిక్షేపంలాంటి వీధి గుమ్మానికి ఇటుకలు పేర్చి మూసేసి, వచ్చిన చుట్టాలను వంటింట్లోంచి లోపలికి రమ్మంటున్నారెందుకో, అదొక్కటీ చెప్పి నవ్వండి.