పరిచయం చేయమన్నారు, చదవమనలేదు

మూడో తరగతి పిల్లలకు ఒక మహత్తరమైన బాలల నవలను పరిచయం చేయవలసిందిగా బడికి ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టరు ఆ నవలను తెప్పించి, మాసిపోకుండా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి గుమాస్తాగారికి అప్పగించారు.

పరిచయ భారం మూడో తరగతి టీచరమ్మ మీద పడింది. పదకొండేళ్ల అనుభవం ఆవిడది. ఉత్తర్వులో ఉన్న ప్రకారం రచయిత పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం, పేజీల సంఖ్య, నీతి నల్లబల్ల మీద రాసి, పదేసిసార్లు చెప్పించారు. బీరువా అద్దంలోంచి చూపించి, పడవలో మేక ఉన్న అట్టబొమ్మ గీయించారు. అంతా సలక్షణంగా జరిగిపోయేదే, మూడో బల్ల పిల్ల లేచి నిలబడకపోతే.

"టీచర్, ఆ మేక పడవెందుకు ఎక్కింది?"

"అది పరీక్షలో రాదమ్మా, కూర్చో."

ఎందుకెక్కిందో ఆవిడకూ తెలియదు. బడిలో ఎవరూ ఆ నవల చదివిన పాపాన పోలేదు. మధ్యాహ్నం అన్నం పక్కనబెట్టి, గుమాస్తాను బతిమాలి, రెండు చోట్ల సంతకం చేసి పుస్తకం తీసుకున్నారు. ఒక్క పేజీ చూద్దామనే మొదలుపెట్టారు. గంట కొట్టింది వినపడలేదు. వెతుక్కుంటూ వచ్చిన పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, మొదటి నుంచీ పైకి చదివారు.

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి దయచేశారు. నలభై మంది పిల్లలు నేల మీద కూర్చుని, అనుమతి లేకుండా నవ్వుతున్నారు.

"పరిచయం చేయమన్నాం గానీ స్నేహం చేయించమన్నామా?" అన్నారాయన నొచ్చుకుంటూ. "రేపు వీళ్లు ఇంకో పుస్తకం అడుగుతారు. బాధ్యత ఎవరిది?"

తల్లిదండ్రులూ ఊరుకోలేదు. "మా అమ్మాయి చదువు పాడుచేసుకుని పుస్తకం చదువుతానంటోందండీ," అని ఒక తల్లి కళ్లొత్తుకుంది. ఫిర్యాదు వెళ్లింది.

మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకుంటే ఉద్యోగం ఉండదని టీచరమ్మకు మెమో వచ్చింది. ఆవిడ తెల్లకాగితం తీసుకున్నారు. తప్పయిందని రాయడానికి చెయ్యి రాలేదు. ఇంకేమీ తోచక, నవల మొదటి అధ్యాయం పొల్లుపోకుండా దించేసి, కింద సంతకం పెట్టి పంపేశారు. ఇక ఉద్యోగం పోయినట్టేనని, బల్ల సొరుగు ఖాళీ చేసి సంచీ సర్దుకున్నారు.

వారానికి ఆ కాగితాలు తిరిగొచ్చాయి. హెడ్మాస్టరు, అధికారి, ఆయన పై అధికారి, తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు అందరూ వరుసగా సంతకాలు చేశారు. పైన ఎర్రసిరాతో ఇలా రాసి ఉంది:

"క్షుణ్ణంగా చదివితిమి. టీచరు తన తప్పు ఒప్పుకున్నందున క్షమించడమైనది."