వామపాదరక్షా విమోచనం

దేవుడు మనిషిని నేరుగా పెద్దవాడిగానే ఎందుకు పుట్టించలేదన్న సందేహం చాలా ఏళ్ళుగా నన్ను వదలడం లేదు. దూడ పుట్టిన కాసేపటికే లేచి నిలబడుతుంది. మనిషి బిడ్డకు చొక్కా బొత్తాం పెట్టుకోవడానికే ఏళ్ళు పడుతుంది. అన్నీ తెలిసినవాడు ఇంత కాలాన్ని ఊరికే ఖర్చు చేస్తాడా? రోజూ దీపం వెలిగించేటప్పుడు అడుగుతూనే ఉన్నాను. ఆయన తొందరపడి జవాబిచ్చే రకం కాదు. మొన్న మా ఇంట జరిగిన మహాసంగ్రామంలో ఆ జవాబు తాలూకు కొస ఏదో కనిపించినట్టయింది గనుక, జరిగింది జరిగినట్టు కీర్తిస్తాను. వినండి.

అది దినకరుడు ఎదురింటి నీళ్ళట్యాంకు మీద తన సువర్ణకిరణాలను ఆరవేయుచున్న వేళ. కుక్కరు ఈలలు శంఖారావములై, పక్కవాటా మోటారు రణభేరియై, మెట్ల మీద పేపరు పడిన చప్పుడు తొలి శరపాతమై మా వీధి మేల్కొన్న వేళ. ఆ వేళ, అనేకగ్రంథపఠనజనితశిరోవేదనాధురంధర, బాల్యశాస్త్రపారంగత, మా ఏకైక పుత్రిక, గంజిపెట్టిన చీర కుచ్చిళ్ళు సవరించుకుంటూ గుమ్మం దగ్గరకు వచ్చి, కుడికాలి చెప్పు తొడిగి, ఎడమకాలు చాచి, శూన్యమును తొక్కెను.

"నాన్నా, రెండోది ఏదీ?"

ఆ ప్రశ్న వెనక ఉన్న ప్రమాదం చెప్పాలి. ఆ రోజు పదింటికి మా అమ్మాయి యూనివర్సిటీలో ముగ్గురు ఆచార్యుల ఎదుట నిలబడి, తాను పిల్లల గురించి రాసిన పరిశోధనను నోటితో నిలబెట్టుకోవాలి. ఆ ముగ్గురినీ ఒకే రోజు ఒకే గదిలో కూర్చోబెట్టడానికే ఏడాది పట్టింది. తప్పిపోతే ఇంకో ఏడాది. ఇక పాదరక్షల సైన్యమా, అతి స్వల్పం. ఒక జత పట్టీ తెగి కుట్టేవాడి దగ్గర ఉంది, ఇంకో జత బాత్రూం రబ్బరువి. మా ఆవిడ పాదమా, కూతురి పాదంలో సగం.

"బీరువా తాళాలు పోగొట్టినట్టే ఇదీ ఎక్కడో పారేసుంటారు," అంది మా ఆవిడ నన్ను చూసి. మా అమ్మాయి చిన్నతనంలో ఇంట్లో మాయమైన ఆ తాళాల గుత్తి నేరం నా మీద మోపబడినది మొదలు, ఇంట్లో సూది కనపడకపోయినా ముందుగా ఆ గుత్తే గలగలమంటుంది. నేను మౌనవ్రతుడనైతిని. అలవాటే.

అంతలో పడకగదిలోంచి, మా పెళ్ళినాటి టేకు మంచం కిందినుంచి, ఒక కంఠం: "నా దగ్గరుంది. ఇవ్వను."

ఆ కంఠం ఎవరిదనుకున్నారు? రెండు పాలపళ్ళు రాలినా పరాక్రమము రాలనిదీ, ఆరేళ్ళ ప్రాయమున అరవై ఏళ్ళవారిని అలసింపజేయునదీ, దొరికినదెల్లా దాచుట చేత ఉడత అను బిరుదము వహించినదీ అయిన మా మనవరాలిది. అల్లుడు తెల్లవారకముందే డ్యూటీకి పోయాడు. దుర్గమో, సామాన్యం కాదు. మంచం కదిపితే కదలదు. మూడు వైపులా ఇనప్పెట్టెల ప్రాకారం. మిగిలిన నాలుగో వైపున మోచేతి ఎత్తు సందు. లోపల దిండొకటి, బిస్కెట్ల డబ్బా ఒకటి, మధ్యలో బందీగా ఆ వామపాదరక్ష.

ఇంత చిన్న శత్రువును కాలుపట్టి లాగరాదా అంటారేమో. అదే చిక్కు. మా అమ్మాయి పరిశోధన సారమే అది: పిల్లలు రేపటికి తయారవుతున్న మనుషులు కారు, ఈ రోజే మనుషులు, వాళ్ళ సంగతి వాళ్ళని అడిగి తెలుసుకోవాలి. రాయడం మొదలుపెట్టిన నాడే ఆమె, "పిల్ల మీద చెయ్యెత్తను, లంచమివ్వను, బెదిరించను, మాట వినకపోతే ఎందుకు వినట్లేదో అడుగుతాను" అని ఇంట్లో భీషణప్రతిజ్ఞ చేసింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి బయల్దేరుతూ, ఆ మాటనే తొక్కి వెళ్ళడమెట్లా?

"నువ్వు అడుగుతూ కూర్చో," అని మా ఆవిడ చీపురు అందుకుంది. ఆమెకే ప్రతిజ్ఞా లేదు. చీపురుపాణియై, కొంగు దోపి, మంచం ముందు నిలిచి ఇట్లు పలికెను: "ఓసి ఉడతా, పెద్దవాళ్ళ మాట వినాలని నీకెవరూ నేర్పలేదా?"

మా ఆవిడ ఎరగదు గానీ, పూర్వం ఒక తత్త్వవేత్త ప్రయోగించిన అస్త్రమే అది. బిడ్డ మనసు ఏమీ రాయని తెల్ల కాగితమనీ, అనుభవమే దాని మీద రాస్తుందనీ ఆయన మతం. మా అమ్మాయి భోజనాల దగ్గర చెబుతుంటే నాకు వంటబట్టిన జ్ఞానమిది.

"నేర్పారు అమ్మమ్మా," అంది కాగితం. "నేనే చెరిపేశా."

చీపురు సందులోకి దూరింది. లోపలినుంచి ఎవరో అవతలి కొసను పట్టుకున్నారు. కొంతసేపు ఇటు లాగుట, కొంతసేపు అటు లాగుట జరిగి, పుల్లలు పరాగమువలె రాలి, చివరికి మా ఆవిడ ఉత్తచేతులతో వెనుదిరిగింది. ఆయుధం దుర్గములోనే ఉండిపోయింది.

అప్పుడు నేను ముందుకు వచ్చాను. నాది వేరే తత్త్వవేత్త పక్షం. బిడ్డ పుట్టుకతో మంచిదే, చెడగొట్టేది లోకమే అన్నాడాయన. దేవుణ్ణి నమ్మినవాడిగా నాకు ఆ మాట చల్లగా తోచింది. "లోకం కాసేపు వంటింట్లోకి పోదాం పదండి. తనంతట తనే వస్తుంది," అన్నాను.

లోకం ముగ్గురుగా వంటింట్లో నిలబడింది. పడకగదిలో కరకరమని బిస్కెట్ శబ్దం. ఆ తర్వాత పాట. మంచితనం ఎంతకీ బయటికి రాలేదు.

"మీ పండితుడికి పిల్లలున్నారా?" అంది మా ఆవిడ.

"పుట్టినవాళ్ళని పుట్టినట్టు అనాథాశ్రమంలో వదిలేశాడమ్మా," అంది మా అమ్మాయి గడియారం చూస్తూ. నా పక్షం అక్కడితో కూలింది.

ఫోను మోగింది. కారు డ్రైవరు. "మేడం, ఇక్కడ బండి ఆపనివ్వట్లేదు. వస్తున్నారా, పోనా?"

"ఐదు నిమిషాలు అన్నా, ప్లీజ్."

మా ఆవిడ అంతటితో ఊరుకునే వీరవనిత కాదు. బిడ్డల బుద్ధి మెట్లు మెట్లుగా ఎదుగుతుందని చెప్పిన ఆచార్యుడొకాయన ఉన్నాడనీ, ఆ చిన్న మెట్టు మీద ఉన్న పిల్లకు పొట్టి గ్లాసులో నీళ్ళు సన్నని పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువైనట్టు కనిపిస్తుందనీ ఆమె కూతురి నోటే విన్నది. విన్నది వాడుకోవాలి గదా. కాసిని పాలు పొట్టి గ్లాసులో తెచ్చి, సందు ఎదుట కూర్చుని, గంభీరంగా పొడుగు గ్లాసులోకి వంపింది. "చూడవే, ఎన్ని పాలయ్యాయో. చెప్పు ఇచ్చేసి ఇవన్నీ తాగు."

"అమ్మా, లంచం వద్దన్నానా," అని మా అమ్మాయి నసిగింది గానీ గట్టిగా ఆపలేదు. ఆ నసుగుడులో కొంచెం ఆశ ఉన్నదని సర్వసాక్షి అయిన భగవంతుడికీ నాకూ తెలుసు.

సందులోంచి ఒక కన్ను గ్లాసును ఎగాదిగా చూసింది. తర్వాత, "అమ్మమ్మా, ఈ ఆట అమ్మ నాతో చాలాసార్లు ఆడింది. పాలు అన్నే. గ్లాసే పొడుగు."

అయ్యో, అస్త్రవిద్య నేర్పే ఇంట్లో పుట్టిన బిడ్డ మీద అస్త్రములు వేయుట! ఏ అస్త్రమైనా మొదటిసారి పరీక్షించినది ఆమె మీదనే కాదా?

మా అమ్మాయి పుస్తకాల సంచీ పక్కన పెట్టింది. గంజి చీర నలుగుతుందన్న చింత విడిచి, నేల మీద బోర్లా పడుకుని, చెంప గచ్చుకు ఆనించి సందులోకి చూసింది. పిల్ల ఒక్కతే చేయలేనిది పెద్దల చెయ్యి ఆసరా ఉంటే చేయగలదని మరొక మహానుభావుడు చెప్పిన ఉపాయం ఆమెకు ఎంతో ప్రీతిపాత్రం.

"ఇద్దరం కలిసి చేద్దామా? నువ్వు చెప్పుని అటునుంచి కాస్త తొయ్యి, నేను ఇటునుంచి లాగుతా."

"నేనొక్కదాన్నే తోయగలను," అంది ఉడత. "తోయను."

ఆ మాటతో ఆ మహాశాస్త్రవేత్త్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం కూడా ఉందేమో. ఒక్కసారి చెయ్యి లోపలికి పోబోయింది. చిన్న పాదం అందేంత దూరంలోనే ఉంది. వేళ్ళు ఆ పాదం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చాయి. ఈ కథలో వీరత్వమంటూ ఉంటే అదే. మిగతాదంతా నా నోటి గొప్పే.

అమ్ములపొదిలో ఇక మిగిలింది ఒక చరిత్రకారుడి మాట. బాల్యమన్నది ఎప్పుడూ ఒక్కలాగే ఉన్నది కాదనీ, పాత చిత్రాల్లో పిల్లల్ని పొట్టి పెద్దమనుషుల్లాగా గీసేవారనీ ఆయన వాదించాడట. అది గుర్తొచ్చో, దిక్కుతోచకో, మా అమ్మాయి గొంతు మార్చి అంది: "ఏమండీ, నా చెప్పు మీ దగ్గర ఎందుకు పెట్టుకున్నారో దయచేసి చెబుతారా?"

మంచం కింద కదలిక. బిస్కెట్ల డబ్బా పక్కకు జరిగింది.

"అప్పుడు కూడా మీరు అనే అన్నావు," అంది ఉడత.

"ఎప్పుడు?"

"ఫోన్లో రికార్డు చేసినప్పుడు. నువ్వు అడిగావు, నేనన్నీ చెప్పాను. తర్వాత నీ వంతు అన్నావు. పాలు పొంగాయి. నువ్వు వెళ్ళిపోయావు. నా వంతు రాలేదు."

మా అమ్మాయి పడుకున్నచోటే నుదురు కొట్టుకుంది. ఆమె పరిశోధన పద్ధతి అదే: ముందు తాను పిల్లల్ని అడగాలి, ఆపైన పిల్లలు తనని అడగాలి. పరాయి పిల్లలందరికీ ఆ వంతు దక్కింది. పద్ధతి పనిచేస్తుందో లేదో చూడటానికి మొట్టమొదట కూర్చోబెట్టిన సొంత పిల్లకు, అప్పుడు నాలుగేళ్ళది, ఇప్పటిదాకా దక్కలేదు.

"ఇప్పుడు అడుగుతారా?" అంది మా అమ్మాయి.

"మీకిష్టమైతేనే చెప్పండి. వద్దనుకుంటే మధ్యలో ఆపేయచ్చు," అంది ఉడత. పిల్లల్ని అడిగేముందు వాళ్ళమ్మ చెప్పే మాటలు అక్షరం పొల్లుపోలేదు. "ఇంట్లో మీ సొంత చోటు ఏది?"

"భోజనాల బల్లకి ఆ చివర. నీ బొమ్మలు లేని ముక్క."

"మీ మాట ఎవరు వింటారు?"

మా అమ్మాయి కాస్త ఆలోచించింది. "ఇవాళ పదింటికి ముగ్గురు వింటారు. నాకు వాళ్ళంటే భయం."

"సరే. అప్పుడు ఒకటి అడుగుదామనుకున్నా, అది మర్చిపోయా. కొత్తది అడుగుతా. నువ్వు చిన్నప్పుడు మంచం కింద దాక్కున్నావా?"

"దాక్కున్నాను. ఈ మంచం కిందే."

"ఏం పట్టుకుని?"

మా అమ్మాయి తలెత్తి వాళ్ళమ్మ వైపు ఓసారి చూసింది. "మీ అమ్మమ్మ బీరువా తాళాలు."

మా ఆవిడ చేతిలో పొడుగు గ్లాసు అలాగే ఉంది.

"ఏం చేశావు వాటిని?"

"బయటికొస్తే తిడతారని కిటికీలోంచి విసిరేశాను. ఎవరికీ చెప్పలేదు."

"నేనూ ఎవరికీ చెప్పను," అంది ఉడత, మేమిద్దరం అక్కడే ఉండగా. "నా వంతు అయిపోయింది."

అప్పుడు, ఆహా, ఏమని వర్ణింతును! గచ్చు మీద సరసరా జారుతూ, దుమ్ముధూళిధూసరితమై, చీపురుపుల్లాలంకృతమై, బిస్కెట్‌చూర్ణలిప్తమై, మేఘమండలమును చీల్చుకుని వచ్చు చంద్రబింబము వలె ఆ వామపాదరక్ష వెలికి వచ్చెను. వెనకే ఉడత వచ్చింది. చీర నలిగింది, చెంప మీద గచ్చు ముద్ర పడింది, అయినా మా అమ్మాయి రెండు కాళ్ళకీ చెప్పులతో నిలబడింది.

"ఆ ముగ్గురిని నువ్వు కూడా అడుగు. నీ వంతు వచ్చేదాకా రాకు," అని చెప్పి పంపింది మనవరాలు. కారు మలుపు తిరిగేదాకా చెయ్యూపింది. లోకంలోని సకల శాస్త్రములు చూచుచుండగా, ఒక ఇంట, ఒక ఉదయమున, ఒక కాలి చెప్పు గెలువబడినది. జయము, జయము.

ఉడత మంచం మీద కూర్చుని పొడుగు గ్లాసులోని పాలు తాగుతోంది. నేను దేవుడి పటం ముందు ఆరిపోయిన దీపం మళ్ళీ వెలిగిస్తున్నాను. సందేహం పూర్తిగా తీరిందని అనను. పెద్దవాళ్ళం ఇవ్వవలసిన వంతుల్ని గుర్తుపెట్టుకునే మనిషి ఇంటికొకరైనా ఉండాలని ఆయన అనుకున్నాడేమోనని మాత్రం తోచింది.

వెనక అడుగుల చప్పుడు. మా ఆవిడ. ఎప్పుడూ వంటింట్లోంచి కేకేసి తీసుకోమనే కాఫీ, ఆ రోజు తానే తెచ్చి నా పక్కన పెట్టింది. చీర చెంగుతో, తుడవనక్కర్లేని చోట, బీరువా తలుపు తుడిచింది.

"తాళాలు," అంది అటే చూస్తూ, "మీరు కాదులెండి."