చూద్దాంగారి పై వాటా

ఆ రోజు పొద్దున్నే చూద్దాంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఇళ్ల శాఖ ఇన్‌స్పెక్టరు వస్తాడు, ఖాళీగా ఉన్న పై వాటా చూస్తాడు, బాగుందంటాడు. ఆ ఒక్క మాటతో ప్రభుత్వం దాన్ని ఇరవై అయిదేళ్లకు లీజుకు తీసుకుంటుంది. ఇల్లు లేనివాళ్లనెవరినో అందులో పెట్టి, అద్దె మాత్రం తనే కడుతుంది. ఇక ఒకటో తారీఖున ఎవరి గుమ్మం ముందూ నిలబడి గొంతు సవరించుకోనక్కర్లేదు.

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. కప్పు కారుతోందన్నా, కుళాయి ఊడిందన్నా, తలుపుకు చెద పట్టిందన్నా ఆయన జవాబు ఒక్కటే: "చూద్దాం." పై వాటాలో తల్లితో కలిసి ఏళ్ల తరబడి అద్దెకున్న దర్జీ ఆవిడే, ఆ జవాబు విని విని విసిగి, ఆ పేరు పెట్టింది. లీజు సంగతి చెవిన పడగానే ఆయన, బావమరిది వస్తున్నాడని అబద్ధమాడి ఆవిడ చేత ఖాళీ చేయించాడు. పాపం, కాళ్లరిగేలా తిరిగినా ఆవిడకు ఇల్లు దొరకలేదు. చూద్దాంగారి భార్యకు మనసు ఊరుకోక, తల్లీకూతుళ్లను కుట్టుమిషనుతో సహా కింద తమ ముందుగదిలోనే పెట్టుకుంది. ఇల్లు లేనివాళ్లకు ఇల్లివ్వడానికని ఇద్దరికి ఇల్లు లేకుండా చేశామని ఆయనకు తట్టలేదు. తట్టినా, ఆ సంగతి తర్వాత చూద్దామనుకునేవాడే.

ఎనిమిదింటికి పైకెక్కి చూశాడు. స్నానాలగదిలో కుళాయి లేదు. వంటింటికి తలుపు లేదు. ఫ్యాను ఉంది, తిరగదు. అన్నీ పనిచేస్తేనే లీజని శాఖవారు ముందే చెప్పారు.

"ఇప్పటికైనా కొత్తవి కొనండి," అంది భార్య.

"వచ్చేవాడు ఉండేది పది నిమిషాలు. దానికి కొత్తవెందుకే? మనవి విప్పి పైన బిగిద్దాం. వాడటు వెళ్లగానే ఇటు దింపేసుకుందాం."

"మరి అంతదాకా మనకో?"

"పది నిమిషాలకి మనకి కుళాయెందుకు?"

కింది ఇంటి తలుపు, ఫ్యాను, కుళాయి పైకి ప్రయాణమయ్యాయి. కుళాయి ఊడదీసిన గొట్టంలో పాతగుడ్డ కుక్కి, దాన్ని నొక్కిపట్టుకుని కూర్చోమని భార్యకు చెప్పాడు. ఆవిడ మొగుణ్ణీ గొట్టాన్నీ మార్చిమార్చి చూసి, కొంగు దోపుకుని కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తలుపు తీసి వేశాడు, కుళాయి తిప్పాడు, ఫ్యాను కింద నిలబడి హాయిగా కళ్లు మూసుకున్నాడు. "భేష్" అన్నాడు. చూద్దాంగారి నెత్తిన పాలు పోసినట్టయింది. అంతలో ఇన్‌స్పెక్టరు సంచిలోంచి రంగుడబ్బా తీసి తలుపు మీద, ఫ్యాను మీద, కుళాయి మీద ఎర్రగా శాఖ ముద్ర వేశాడు.

"ఇదెందుకండీ?"

"ఇవి ఇక లీజులో భాగం. ఇరవై అయిదేళ్లు ఇక్కణ్ణుంచి కదలకూడదు. కదిలితే లీజు రద్దు, పైన జరిమానా."

చూద్దాంగారు తడి ముద్రను గోటితో గీకి చూశాడు. సరిగ్గా అప్పుడే కిందనుంచి భార్య కేక వినిపించింది. గొట్టంలో గుడ్డ ఎగిరిపోయింది.

ఇద్దరూ పరుగెత్తుకెళ్లేసరికి ముందుగది చెరువైంది. భార్య రెండు చేతులతో గొట్టం నోరు మూస్తోంది. దర్జీ ఆవిడ గిన్నెతో నీళ్లు తోడిపోస్తోంది. ఆవిడ తల్లి కుట్టుమిషను బల్లమీద కాళ్లు ముడుచుకు కూర్చుంది. తలుపులేని వంటింటినీ, ఫ్యాను లేని కొక్కేన్నీ ఇన్‌స్పెక్టరు నోరు తెరుచుకుని చూశాడు.

"ఎవరు వీళ్లంతా?"

"మేం ఇదివరకు పైన..." అని దర్జీ ఆవిడ మొదలుపెట్టింది.

అద్దెకున్నవాళ్లను వెళ్లగొట్టి ఇల్లిస్తే లీజు చెల్లదు. చూద్దాంగారు ఒక్క అంగలో అడ్డం పడ్డాడు. "చెల్లెలండీ! మా చెల్లెలు! ఇల్లు దొరక్క మా దగ్గరే ఉంటోంది!"

"మరి ఈ పెద్దావిడ?"

"మా చెల్లెలి తల్లి."

"అంటే మీ అమ్మగారు."

"అంతేగా మరి," అన్నాడాయన. ఆవిడ ఆయనకంటే మహా అయితే అయిదేళ్లు పెద్ద. బల్లమీదనుంచే కొడుకును ఎగాదిగా చూసింది.

కోప్పడతాడనుకున్న ఇన్‌స్పెక్టరు కళ్లు చెమర్చాయి. "నా బాధ మీకు తెలీదండీ. ఇల్లు లేనివాళ్లకి చిరునామా ఉండదు. చిరునామా లేకపోతే ఇల్లు వచ్చిందని ఉత్తరం రాయలేం. మూడేళ్లుగా మా ఇళ్లన్నీ తాళాలేసుకుని కూర్చున్నాయి, అద్దెలు కడుతూనే ఉన్నాం. ఇన్నాళ్లకి, ఉండటానికి చోటు లేకపోయినా చిరునామా ఉన్నవాళ్లు దొరికారు! పై వాటా వీళ్లకే."

"అబ్బే, వీళ్లకెందుకండీ! వీళ్లు అసలు మా..." అని చూద్దాంగారు ఆగిపోయాడు. చెల్లెలు కాదంటే లీజు పోతుంది. అవునంటే దర్జీ ఆవిడ మళ్లీ నెత్తికెక్కుతుంది.

దర్జీ ఆవిడ గిన్నె పక్కన పెట్టింది. తల్లిని పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగిన ఎండంతా ఆవిడ మొహంలో ఇంకా ఉంది. చూద్దాంగారి కళ్లలోకి సూటిగా చూసింది.

"మా అన్నయ్యది పెద్ద మనసండీ," అంది. "కానీ పైన కప్పు కారుతుంది."

"మరమ్మతులన్నీ ఓనరువే అమ్మా, ఇరవై అయిదేళ్లూ. ఏదైనా పాడైతే నాకొక కార్డు ముక్క రాయండి." ఇన్‌స్పెక్టరు చూద్దాంగారి వైపు తిరిగాడు. "అన్నట్టు, సొంత చెల్లెలు కాబట్టి మీకు అద్దె సగమే వస్తుంది. తోబుట్టువు దగ్గర పూర్తి అద్దె తీసుకోవడం మీకూ బాగుండదు కదా!"

తల్లీకూతుళ్లు ఆ వారమే పైకెక్కారు. కప్పు బాగుచేయించేసరికి చూద్దాంగారి తలప్రాణం తోకకొచ్చింది. సగం అద్దె కోసం శాఖకు వెళితే "పరిశీలనలో ఉంది" అన్నారు. తన మాటే సర్కారు భాషలో అలా ఉంటుందని ఆయన పోల్చుకున్నాడు. మనకూ ఒక కుళాయి కొనమని భార్య పోరుతూనే ఉంది. మొదటి అద్దె రానీ, అంటూ ఆయన రోజులు నెడుతున్నాడు. గొట్టం నోట్లో చెక్కముక్క దిగ్గొట్టి, నీళ్లు పైనుంచి బకెట్లతో తెచ్చుకుంటున్నారు.

ఒక ఉదయం ఆయన ఒంటికి సబ్బు పూసుకున్నాక తొట్టిలో నీళ్లయిపోయాయి. తువ్వాలు చుట్టుకుని, ఖాళీ బకెట్టుతో మెట్లెక్కి, వెనకవైపు వంటింటి తలుపు దబదబా బాదాడు. లోపల మిషను చప్పుడు ఆగింది.

"మెల్లగా అన్నయ్యా, సర్కారువారి తలుపు."

"ఒక్క బకెట్టు నీళ్లమ్మా! కళ్లు మండిపోతున్నాయి!"

మిషను మళ్లీ మొదలైంది. దాని వెనకనుంచి తాపీగా జవాబొచ్చింది.

"చూద్దాం."