ఇంకా పైకి రానివాళ్ళు

"భూమిలో బంగారం అయిపోతే ఏమాయె, భూమి మీద చదువు మొదలాయె" అని మా పక్కింటి నాగరత్నమ్మ మా ఆవిడతో అందట. కేజీఎఫ్ బజారులో వాళ్ళది కిరాణా అంగడి. పావుకిలో కందిపప్పుకు వచ్చినవాడు కూడా ఒక వార్త ఇచ్చే పోతాడు కాబట్టి ఆమెకు తెలియని సంగతి ఉండదు. అంతటితో ఆగకుండా, "మీ ఆయన లైబ్రరీలో పిల్లోళ్ళు రోజుకి ఇరవైరెండు గంటలు చదువుతారంట గదమ్మా. ఇంగ తినేదెప్పుడు, పండుకునేదెప్పుడు? మా చెల్లెలి కొడుకుని ఆ కాలేజీలో ఏసేదానికి భయమయితా ఉండాది" అని కూడా అందట.

మా ఆవిడ ఈ మాటను కాఫీతో పాటు తెచ్చి నా ముందు పెట్టి, "నిజమేనా?" అంది.

"జిల్లా లెక్క. అబద్ధమెట్లవుతుంది?" అన్నాను. ఆ లెక్క కంప్యూటర్లోంచి జిల్లాకు పంపినవాణ్ణి నేనే గనుక అంత ధీమాగా చెప్పగలిగాను.

నేను స్వర్ణగర్భ డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ని. గనులు మూతపడ్డాక ఖాళీ అయిన ఒక పాత కట్టడంలో మా లైబ్రరీ పెట్టారు. ముందు వాకిలి చాంపియన్ రీఫ్స్ రోడ్డు వైపు, వెనక వాకిలి క్యాంటీను వైపు. ఈ వెనక వాకిలిని దయచేసి గుర్తు పెట్టుకోండి. మా కీర్తి అంతా అందులోంచే బయటికొచ్చింది.

నాకు సాయం ఆంథోనీ. గని నడిచిన రోజుల్లో ఆయన షాఫ్టు నోటి దగ్గర బిళ్ళల మనిషి. లోపలికి దిగే ప్రతివాడికీ ఒక ఇత్తడి బిళ్ళ. దిగేముందు పలక మీంచి తీసుకోవాలి, పైకొచ్చాక మళ్ళీ తగిలించాలి. ఒక్క మేకు బోడిగా కనబడినా ఆంథోనీ గేటు మూయడు, ఇంటికి పోడు. గని పోయింది గాని అలవాటు పోలేదు. లైబ్రరీ వాకిట్లో కూడా ఒక పలక, నలభై మేకులు, నలభై బిళ్ళలు పెట్టుకున్నాడు. అన్నీ తిరిగొస్తేనే బీగం.

కాలేజీ అయిదింటికి వదులుతారు. బిళ్ళలు మాత్రం ఎనిమిది దాకా తిరిగిరావు. గని కూలీల లైన్ ఇళ్ళ నుంచి వచ్చే పదకొండు మంది పిల్లలు అక్కడే కూర్చుని చదువుకుంటారు. అందులో ప్రిన్సీ ఒకతె. ఇంట్లో ఒక గది, ఏడుగురు మనుషులు, ఒక టీవీ. బ్యాంకు పరీక్ష పోయినసారి రెండు మార్కుల్లో జారిపోయింది. "ఇంగొక్కసారి చూస్తాము. లేదంటే మీ అన్నతో పాటు మాలూరు రైలెక్కు, ఫ్యాక్టరీలో చేర్పిస్తాము" అని వాళ్ళ నాయన చెప్పేశాడు. పరీక్ష జనవరిలో.

మా మేనేజిమెంటు సెక్రెటరీ గుండప్పగారికి, అంటే నాగరత్నమ్మ భర్తకు, ఈ సాయంత్రపు లైట్లు కంట్లో నలుసుల్లా ఉండేవి. "సాయంత్రం తెరవాలంటే గ్రాంటు తెచ్చుకోండి. లేదంటే డిసెంబరు ఒకటి నుంచి అయిదింటికి బీగం" అని చీటీ పంపారు.

సరిగ్గా అప్పుడే జిల్లా కాలేజీ లైబ్రరీల ఉమ్మడి డేటాబేస్ అవతరించింది. కోలారులో మీటింగు పెట్టి, శృతి అనే చిన్న వయసు ఆఫీసరమ్మ ఓపికగా చెప్పింది: "అందరూ మీ మీ లెక్కలు ఒకే చోట పెట్టండి. ఒకరివి ఒకరికి కనబడతాయి. ఎవరికి ఏది తక్కువగా ఉందో తెలిస్తే వాళ్ళకి అది ఇస్తాం."

మా ప్రిన్సిపాల్ డాక్టర్ ఆదినారాయణప్పగారి చెవికి అందులో ఒక్క ముక్కే చేరింది. ఒకరివి ఒకరికి కనబడతాయి!

"సార్, రోజుకి పదకొండు మంది. ఉన్నదున్నట్టు రాస్తే సాయంత్రం గ్రాంటు మనకే వస్తుంది" అన్నాను.

"పదకొండా? మాలూరు పక్క కాలేజీవాడు మూడునూర్లు పెట్టినాడు చూడప్పా. మనం పదకొండు పెడితే రేపు పెండ్లిండ్లలో నా మొగం యాడ పెట్టుకునేది?"

"మరి ఐదునూర్లు కొట్టేదా?"

"ఛీ. అబద్ధం రాసే వంశం కాదు మాది. నిజాన్నే పెంచుదాము."

మర్నాడు నోటీసు వచ్చింది. క్యాంటీను దారి మరమ్మతులో ఉన్నందున విద్యార్థినీ విద్యార్థులు గ్రంథాలయం గుండా పోవలెను. ముందు వాకిట్లో కార్డు చూపిస్తే కూసే మిషను ఒకటి వెలిసింది.

"ఇదేంది సార్?" అన్నాడు ఆంథోనీ.

"నీ బిళ్ళే, కొత్త రకం. ఒకసారి కూస్తే మనిషి లోపలికి పోయినట్టు. మళ్ళీ కూస్తే బయటికి వచ్చినట్టు" అన్నాను.

"వెనక వాకిట్లో కూత లేదే?"

"అక్కడెందుకు? లోపలికి వచ్చినోళ్ళు కదా మనకి కావలసింది" అన్నారు పక్కనే ఉన్న ప్రిన్సిపాల్.

పదకొండింటికి ఆరువందల నలభై మంది జ్ఞానతృష్ణతో ముందు నుంచి వచ్చి, పుస్తకాల బీరువాల మధ్య నడిచి, వడల తృష్ణతో వెనక నుంచి వెళ్ళిపోయారు. అందులో పదకొండు మంది సాయంత్రం వెనక వాకిట్లోంచే తిరిగొచ్చి చదువుకుని, రాత్రి ఎనిమిదికి బుద్ధిగా ముందు వాకిట్లో మిషను కూయించి ఇళ్ళకు పోయారు.

ఆంథోనీ బీగం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "సార్, లోపలికి పోయినోళ్ళు ఆరునూట నలభై. బయటికి వచ్చినోళ్ళు పదకొండు. గనిలో అయితే ఈపాటికి సైరన్ కొట్టి, ఆడోళ్ళంతా షాఫ్టు కాడ ఏడుస్తా ఉందురు."

"నువ్వు మాత్రం కొట్టొద్దు" అన్నాను.

కంప్యూటరు మాత్రం ఆంథోనీ లాంటిదే. బయటికి రానివాడు లోపలే ఉన్నాడని నమ్మింది. పదకొండింటికి దూరిన ఆరువందల ఇరవైతొమ్మిది మందీ మర్నాడు తొమ్మిదికి కొత్త రోజు లెక్క మొదలయ్యే దాకా కదలకుండా చదివినట్టు రాసుకుంది. ఒక్కొక్కరు ఇరవైరెండు గంటలు! నేను ఆ లెక్క కాగితం పట్టుకుని పరుగెత్తుకెళ్ళి, "దిద్దుదాం సార్" అన్నాను.

"మిషను చెప్పినదాన్ని దిద్దడానికి మనమెవురు?" అని ప్రిన్సిపాల్ ఆ కాగితం మీద పచ్చ సిరాతో సంతకం పెట్టారు: లోపల ఉన్నవారు 629, ధ్రువీకరించడమైనది.

రెండు రోజులకు మాలూరు పక్క కాలేజీ తన పిల్లలు రోజుకు ఇరవైఆరు గంటలు చదువుతున్నట్టు చూపించింది. బెంగళూరుకి దగ్గర గదా, వాళ్ళకు గంటలు కూడా ఎక్కువ దొరుకుతాయేమో అనుకున్నాం. డేటాబేస్ ఒప్పుకోలేదు, మొదటి స్థానం మాకే మిగిలింది.

టేకల్ పక్క కాలేజీలో లైబ్రేరియన్‌గా ఉన్న నా పాత క్లాస్‌మేట్ కృష్ణప్ప రాసింది కూడా అందులో కనబడింది: "చదివేవాళ్ళు తొమ్మిది మంది. వానొస్తే ఏడుగురు. రెండు కుర్చీల మీద చూరు కారుతుంది." పాపం, లోకజ్ఞానం లేనివాడు అని మా ప్రిన్సిపాల్ జాలిపడ్డారు.

డిసెంబరు ఒకటో తేదీ సాయంత్రం లైబ్రరీలోనే సభ. శృతి మేడం ప్రశంసాపత్రం ఇచ్చింది. ఆదినారాయణప్పగారు దాన్ని ఫోటోవాడికి మూడు పక్కల నుంచి చూపించారు. గుండప్పగారు చప్పట్లు కొట్టారు. తర్వాత ఆమె ఇంకో కాగితం తీసి చదివింది. సాయంత్రం లైబ్రరీ తెరిచే గ్రాంటు టేకల్ పక్క కాలేజీకి.

"మాకు లేదా?" అన్నారు ప్రిన్సిపాల్.

"మీ పిల్లలు తెల్లవార్లూ చదువుతున్నారు కదా సర్. సాయంత్రం తెరవడానికి మీకు గ్రాంటెందుకు?"

ఆమె వెక్కిరించడం లేదు. కాగితంలో ఉన్నదే అడిగింది. ప్రిన్సిపాల్ నా వైపు చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

గుండప్పగారు గడియారం చూసుకున్నారు. "అయితే చీటీ ప్రకారమే. అయిదయింది. ఆంథోనీ, బీగమెయ్యి."

వెనక బెంచీలోంచి ప్రిన్సీ లేచింది. "సార్, పరీక్షకి ఇంగ ఆరు వారాలే ఉండాది."

"ఇంట్లో చదువుకోమ్మా. చదివేటోళ్ళకి యాడైనా ఒకటే" అన్నారు ప్రిన్సిపాల్.

ప్రిన్సీ పుస్తకం మూసి, బిళ్ళ తగిలించడానికి పలక దగ్గరికి వెళ్ళింది. ఆంథోనీ ఆమె చేతిలోంచి బిళ్ళ తీసుకుని మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టాడు. "కూచోమ్మా" అన్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీసుకొచ్చి, ప్రశంసాపత్రం పక్కన పరిచాడు. పచ్చ సంతకం అందరికీ కనబడింది. దాని మీద ఒక పెన్ను పెట్టాడు.

"బీగమెయ్యమంటే ఏమిటి ఆలస్యం?" అన్నారు గుండప్పగారు.

"ముప్పై ఏండ్లు షాఫ్టు కాడ నిలబడినాను సామీ, లోపల మనుషులుండంగా ఒక్కనాడూ గేటు మూయలేదు. ఆరునూట ఇరవైతొమ్మిది మంది లోపలుండారని సార్ సంతకం పెట్టినాడు. వాళ్ళు యాడుండారో ఈ మేడమ్ముందర చెప్పి, పైకొచ్చినారని ఇంగో సంతకం పెట్టమనండి. మూస్తాను."