బిర్సానగర్‌కు ఓడలొచ్చే కాలువ

ఇంటి ముందు గుంత లేనివాడు అభాగ్యుడు! మా ఇంటి ముందు ఉంది. మామూలు గుంత కాదండీ, ఓడల కాలువ. మా టాటానగర్‌లో డిమ్నా సరస్సు నుంచి జూబిలీ పార్కు చెరువు దాకా స్టీమర్లు నడపాలన్న నా మహా ప్రణాళికలో అది తొలి ముక్క.

గొయ్యి మీరు తవ్వుకుంటే వానల్లోపు కుళాయి పైపు మేం వేస్తామని నీళ్ల ఆఫీసు వాళ్లు మా వీధికి కబురు పెట్టారు. నేను ట్రక్కుల ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో బొమ్మలకి నకళ్లు గీసే ట్రేసర్‌ని. మనిషి చంద్రుడి మీద దిగి పదేళ్లయింది, మనం మూరెడు గొయ్యి దగ్గరే ఉండిపోవాలా?

"ఎలాగూ తవ్వుతన్నాం, ఓడ పట్టేలాగ తవ్వీద్దాం!" అన్నాను. చప్పట్లు! ఊరెళ్లాలంటే టాటానగర్‌లో రైలెక్కలేక చొక్కాలు చింపుకునే జనం కదా, ఓడ అనగానే కరిగిపోయారు. నన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

డ్రాయింగు అద్భుతంగా వచ్చింది. మధ్యలో సువర్ణరేఖ నది ఒకటుంది. కాగితం చాలక వదిలేశాను. ఆ దారిలో అసలు బిర్సానగరే లేదని పొరుగింటి తవిటయ్య గొణిగితే గీతను మా గుమ్మం వైపు వంచాను. రేవుకి మా ఆవిడ వరహాలమ్మ పేరు కూడా పెట్టేశాను. ఆలూ లేదు చూలూ లేదు అంటారా? అనండి!

ఇక తవ్వకం. ఏ షిఫ్టు దిగినవాళ్లు ఆ షిఫ్టుగా వచ్చి తవ్వేవారు. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగేముందు చోటంతా శుభ్రం చేసి తర్వాతి షిఫ్టుకి అప్పగించడం మనవాళ్ల అలవాటు. గట్టు మీద మట్టి కుప్పలు చూస్తే వాళ్లకి మనసొప్పేది కాదు. వెళ్లేముందు దాన్నంతా మళ్లీ గుంతలోకి తోసి, నీటుగా ఊడ్చి వెళ్లేవారు!

"ఏటి బావా, ఎంత తవ్వినా లోతవదేటి?" అన్నాడు తవిటయ్య.

"రాతి నేల కదేటి," అన్నాను. అధ్యక్షుడన్నాక ఏదో ఒకటి చెప్పాలి.

మా గుమ్మం ముందు ముక్క ఒక్కటే మిగిలింది. అక్కడ చీపురు పడకుండా నేనే కాపలా కాశాను మరి!

దానివల్ల ఎన్ని లాభాలు! చుట్టాలు అవతలి గట్టు నుంచే నమస్కారం పెట్టి పోతున్నారు. చందాలవాళ్ల బెడద లేదు. నా స్కూటర్ అరువడిగేవాడు లేడు, అది ఇంట్లోంచి బయటికొస్తే కదా!

"జహాజ్ కబ్ ఆయేగా, పాపా?" అని మా అమ్మాయి జానకి రోజూ అడుగుతుంది.

"ఓడా? వత్తాదమ్మా, వత్తాది," అంటాను.

వానలే వచ్చాయి. పైపులు పక్క బస్తీకి వెళ్లిపోయాయి. అక్కడివాళ్లు మూరెడే తవ్వారట, ముందుచూపు లేని జనం!

నిన్న వరహాలమ్మ బిందె చంకనెట్టుకుని నీళ్లకు బయల్దేరి, ఆ గుంత దాటుతూ జారి పడింది. నడుం పట్టుకుని బురదలోనే కూర్చుంది. గుంతలోకి దిగి లేవదీశాను.

"ఓడలు తరవాత తెద్దురు గానీ, ముందు బిందెడు నీళ్లు తెండి," అంది.

పక్క బస్తీ కుళాయి దగ్గర ఆడవాళ్ల వరసలో నిలబడ్డాను. ముందున్న ముసలావిడ వెనక్కి తిరిగింది.

"మీ ఈదికి పైపు రాలేదేటి బాబూ?"

"మాకు ఓడలొత్తాయమ్మా," అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి ఓసారి చూసింది. తన బిందె పక్కకి జరిపి, నా బిందె కుళాయి కింద పెట్టింది.